గోలకొండ ఉప్పు

మొగలు చక్రవర్తి లేఖను చించివైచి, డెబ్బది గాయములతో ఒరిగిన అబ్దుల్ రజాక్ లారీ చరిత్ర

1687వ సంవత్సరమున, గోలకొండ ముట్టడి సాగుచున్న దినములలో, కోట బురుజుపై నిలిచియున్న యొక సేనానికి వైరి శిబిరమునుండి రహస్యముగ నొక లేఖ వచ్చెను. అది సాక్షాత్తు ఔరంగజేబు చక్రవర్తి పంపినది. కోటను విడిచి తనవైపు వచ్చినచో ఆరువేల మన్సబను ఉన్నతపదవిని, రాజోచితములగు ఇతర గౌరవములును ఇచ్చెదనని అందు వాగ్దానము కలదు. అట్టి లేఖను రహస్యముగ నుంచుకొనుట ఆ కాలపు ప్రభువుల పరిపాటి. ఈ సేనాని మాత్రము దానిని తన బురుజునందలి సైనికులందరికిని విప్పి చూపి, వారు చూచుచుండగనే ముక్కలు ముక్కలుగ చించివైచి, కర్బలా మైదానమున ఇమాము హుస్సేను పక్షమున నిలిచి పోరాడినవారివలె తానును ప్రాణమున్నంతవరకు పోరాడెదనని, లేఖ తెచ్చిన వేగులవానితోనే ప్రత్యుత్తరము చెప్పి పంపెను.

ఆతని పేరు అబ్దుల్ రజాక్. పారశీకదేశపు దక్షిణభాగమందలి లార్ పట్టణమునుండి వచ్చినవాడగుటచే లారీ యని వ్యవహారము. ముస్తఫాఖాన్ అనునది గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ ప్రభువులొసగిన బిరుదము. ఆ కాలమున మచిలీపట్టణపు రేవులో దిగి, బండిబాట వెంబడి గోలకొండకు చేరిన పారశీకులు మిక్కిలి మంది. వారిలో వైద్యులు, కవులు, గుఱ్ఱపు వర్తకులు, యోధులు నుండిరి. కొందరు ధనమార్జించి స్వదేశమునకు మరలిరి. కొందరు ఇచ్చటి మట్టిలోనే కలిసిరి. పరదేశమున పుట్టి, మన నేలమీద నేలిన ప్రభువు కొరకు మన కోట వాకిట నెత్తురు ధారపోసిన ఈ వీరునికి మన చరిత్రపాఠములలో సామాన్యముగ దక్కునవి ఒకటి రెండు వాక్యములు మాత్రమే. ఆతని జీవితము అంతకంటె విపులమైన ప్రస్తావనకు తగినదని నా దృఢవిశ్వాసము.

ఆ కథను చెప్పుటకు మొదట హైదరాబాదులోని మాసబ్ ట్యాంకువద్ద నిలువవలసియున్నది. నేడు ఆ కూడలిలో ఫ్లైఓవరు క్రింద మెహిదీపట్నము బస్సుల కొరకు వేచియుండువారికి, పాలిటెక్నిక్ విద్యార్థులకు, మహావీర్ ఆసుపత్రికి వచ్చిపోవు రోగుల బంధువులకు, తాము నిలిచిన తావున నొకనాడు నిండుకుండవంటి చెరువుండెనని తోచు నవకాశము తక్కువ. ఆ చెరువు భూమిలో ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు కలదు. చెరువు పోయినను పేరు మిగిలినది. అది మాసాహెబా యని ప్రజలు గౌరవముతో పిలుచుకొన్న హయాత్ బక్షీ బేగముది. ఆమె నగరనిర్మాతయగు మహమ్మదు కులీ కుతుబ్‌షాకు కుమార్తె, మహమ్మదు కుతుబ్‌షాకు భార్య, పండ్రెండేండ్ల ప్రాయమున 1626లో సింహాసనమెక్కిన అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. కొడుకు పసివాడై యుండగా రాజ్యభారమును తానే వహించిన ప్రజ్ఞాశాలిని. ఔరంగజేబు గోలకొండ మీదికి రెండు పర్యాయములు దండెత్తి వచ్చెను. మొదటిసారి ఆతని కెదురేగినది ఈ తల్లి. రెండవసారి ఎదిరించినది లారీ. ఆమె చేసిన కార్యము తెలియనిదే ఆతడు చేసిన కార్యపు బరువు తెలియదు.

మొదటి దండయాత్ర 1656లో జరిగెను. అప్పుడు ఔరంగజేబు చక్రవర్తి కాడు, దక్కను సుబేదారు. గోలకొండ మంత్రియై యుండి మొగలుల పక్షమున చేరిన మీర్ జుమ్లా కుమారుని అబ్దుల్లా కుతుబ్‌షా చెరలో నుంచెనన్నది నెపము; వజ్రపు గనులు, నిండిన బొక్కసము అసలు కారణము. ఔరంగజేబు కుమారుడు మహమ్మదు సుల్తాను హైదరాబాదును దోచుకొనగా సుల్తాను గోలకొండ కోటలోనికి పరుగిడెను. అట్టి సంకటసమయమున వృద్ధురాలైన మాసాహెబా స్వయముగ కోట వెలువడి, శత్రుశిబిరమునకు వెళ్ళి, కొడుకు ప్రాణమును, రాజ్యమును కాపాడుమని అడిగెను. కోటి రూపాయల ధనమును, అబ్దుల్లా కుమార్తెకును మహమ్మదు సుల్తానునకును వివాహమును ఒప్పందమయ్యెను. ఢిల్లీనుండి షాజహాను ఆజ్ఞ కూడ వచ్చుటచే మార్చి నెలాఖరున ముట్టడి ఎత్తివేయబడెను. అట్లు ఆ తల్లి సంపాదించిన గడువు ముప్పది యొక్క సంవత్సరములు. ఆమె 1667లో కన్నుమూసెను; కుతుబ్‌షాహీ సమాధులలో ఆమె గుమ్మటము భర్తదానికి తీసిపోని ఠీవితో నేటికిని నిలిచియున్నది.

1672లో అబ్దుల్లా మరణింపగా, మగసంతానము లేకుండుటచే, ఆతని అల్లుడు అబుల్ హసన్ రాజయ్యెను. షా రాజు కత్తాల్ అను సూఫీ గురువు శుశ్రూషలో బహువత్సరములు గడపి, అనుకొనకుండ సింహాసనమెక్కిన ఈ తానీషాను తెలుగువారిలో నెరుగనివారెవ్వరు? భద్రాద్రి రామదాసు కథలో మన అవ్వలు చెప్పిన తానీషా ఈతడే. హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణులగు మాదన్న, అక్కన్నలకు రాజ్యతంత్రమునప్పగించి, మతము చూడక ప్రజ్ఞను చూచి పదవులిచ్చిన ప్రభువు. ఆ ఔదార్యమే ఔరంగజేబు చెప్పిన నేరములలో నొకటి. శివాజీతో మైత్రి మరియొకటి.

1685లో రాకుమారుడు షా ఆలం సేనతో వచ్చెను. గోలకొండ సర్వసేనాని మహమ్మదు ఇబ్రహీము, పోరాడవలసిన తరుణమున, మొగలుల పక్షమున చేరిపోయెను. నగరము దోపిడికి గురియయ్యెను. మరుసటి వసంతమున మాదన్న, అక్కన్నలు గోలకొండ వీథిలోనే హతులైరి; మాదన్న శిరస్సును మొగలు శిబిరమునకు కానుకగ పంపిరి. ఆ హత్యతో చక్రవర్తి తృప్తిపడి మరలిపోవునని ఆశించినవారి ఆశ అడియాసయే యయ్యెను. 1686 సెప్టెంబరులో బిజాపురము పడిపోయెను. 1687 జనవరి 28న ఔరంగజేబు గోలకొండ ముందర దిగెను.

దిగిననాడే మొగలులకు కోట యెట్టిదో తెలిసివచ్చెను. ఖిలిచ్‌ఖాన్ అను వృద్ధసేనాని కోటలోనికి చొరబడుటకు సాహసించి దూసుకొనిపోగా, పైనుండి వచ్చిన ఫిరంగిగుండు ఆతని భుజమును చీల్చివైచెను. మంత్రి అసద్‌ఖాన్ పరామర్శకు వెళ్ళునప్పటికి వైద్యులు ఎముకల తునుకలను ఏరుచుండగా, ఆ వృద్ధుడు చలింపక కూర్చుండి, రెండవచేత కాఫీ త్రాగుచు, వైద్యుని నైపుణ్యమును మెచ్చుకొనుచుండెనట. కొలది దినములలో మరణించెను; హిమాయత్ సాగరము చేరువ ఆతని సమాధి కలదు. ఈతని మనుమడే తరువాతి కాలమున అసఫ్ జాహీ వంశమును స్థాపించి, హైదరాబాదు నేలిన నిజాములకు మూలపురుషుడయ్యెను. వైరిపక్షమున సైతము ఇట్టి ధీరులుండిరని చెప్పుట నాకు ధర్మముగ తోచుచున్నది. ఎదుటివాడు అల్పుడైనచో లారీ నిలుకడకు విలువ యేమున్నది?

ఫిబ్రవరి 7న కందకములు త్రవ్వుట ఆరంభమయ్యెను. అప్పటినుండి కోటలోపలి ప్రతిఘటనకు లారీ ప్రాణమై నిలిచెను. కోటనుండి రాత్రింబవళ్ళు గుండ్లవాన కురియుచుండెను. చుట్టుగోడను చేరుటకు అగడ్తను పూడ్చవలసి, మట్టి నింపు సంచులలో మొదటిదానిని చక్రవర్తి వుజూ, అనగా ప్రార్థనకు ముందు చేయు శుద్ధి, చేసికొని స్వహస్తములతో కుట్టెనని చెప్పుదురు. ఒక వేసవి రాత్రి ఖిలిచ్‌ఖాను కుమారుడు ఫిరోజ్ జంగ్ నిచ్చెనలు వేయించి గోడనెక్కించుచుండగా, గోడపైనున్న యొక వీథికుక్క మొరిగెను. కావలివారు మేల్కొని నిచ్చెనలను త్రోసివైచిరి. మరునాడు తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసును, రత్నాలు పొదిగిన మెడపట్టెడను వేయించి బిరుదమిచ్చెనట. బ్రతుకు చివరి అంచున నిలిచియుండియు తనకు మేలుచేసిన ప్రాణిని మరువని రాజు! అట్టి రాజును విడిచిపోవని సేనాని యుండుటలో వింత యేమున్నది?

జూన్ నెలలో మొగలులు గోడ క్రిందికి సొరంగములు త్రవ్వి మందుగుండు కూరిరి. లోపలివారు ఆ సంగతి పసిగట్టి, లారీ ప్రభృతుల యెరుకలోనే ఎదురుసొరంగము త్రవ్వి, కోటవైపునున్న మందును తీసివైచి కొంత నీటితో తడిపిరి. ఈవల సంగతి తెలియక మొగలులు నిప్పంటించిరి. మిగిలిన మందు వెలుపలివైపునకు పేలి, రాలిన బండలకును మట్టికిని ముట్టడించినవారే పదునొకండువందలమంది బలియైరి. ఆ పొగ చెదరకమునుపే కోటవారు వెలువడి కందకములపై పడిరి. అనంతరము వానలు ముంచుకొనివచ్చెను. మంజీర పొంగి ధాన్యపు బండ్లు నిలిచిపోయెను. శిబిరమున కరవు, దానివెంట మహమ్మారి. హైదరాబాదు నగరమున ఇండ్లు శవములతో నిండెనని ఆనాటి చరిత్రకారులు వ్రాసిరి. సమస్త హిందూస్థానమునకు అధీశ్వరుడైనవాడు ఒక గుట్టమీది కోటయెదుట ఆ బురదలో నెలల తరబడి కూర్చుండవలసివచ్చెను.

బలముతో కానిది ధనముతో సాధింపవచ్చునని ఔరంగజేబునకు తెలియును. కోటలోని ప్రభువులు ఒకరి తరువాత నొకరు జారిపోవ నారంభించిరి. షేక్ నిజాము వెళ్ళెను. మన్సబు, బిరుదము లభించెను. ఇంకను పలువురు వెళ్ళిరి. చరిత్రకారుడు ఖాఫీఖాన్ చెప్పినదానినిబట్టి చివరకు పేరుగల సేనానులలో తానీషా చెంత ఇద్దరే మిగిలిరి: అబ్దుల్ రజాక్ లారీ యొకడు, అబ్దుల్లాఖాన్ పానీ యను పఠాను మరియొకడు. ఇద్దరికిని చక్రవర్తి లేఖలు వచ్చెను. ఒకడు చించివైచినాడు. రెండవవాడు దాచుకొన్నాడు.

సెప్టెంబరు 21, తెల్లవారుజామున మూడు గంటల వేళ, పానీ తన కాపుదలలోనున్న దిడ్డివాకిలిని తెరచిపెట్టెను. రుహుల్లాఖాన్ మున్నగు మొగలు సేనానులు లోనికి ప్రవేశించిరి. రాకుమారుడు ఆజము వెలుపల సేనతో సిద్ధముగ నుండెను. విజయభేరులు మ్రోగెను. ఎనిమిది నెలలుగ ఫిరంగులకు లొంగని కోట ఒక గడియమాను తీసిన చప్పుడుతో లొంగిపోయెను.

ఆ ధ్వని విని లారీ మేల్కొన్నాడు. కవచము తొడుగుకొను వ్యవధి లేదు, గుఱ్ఱమునకు జీను వేయించు వ్యవధియు లేదు. ఒకచేత కత్తి, ఒకచేత డాలు గొని, వట్టి గుఱ్ఱము వీపుపై దుమికి, పదిమందియో పండ్రెండుమందియో అనుచరులు వెంటరాగా, వరదవలె లోనికి వచ్చుచున్న సేనకు ఎదురుగ తెరచిన వాకిలివైపు సాగెను. అనుచరులు చెల్లాచెదరైరి. ఆతడొక్కడే మిగిలెను. అబుల్ హసన్ కొరకు ప్రాణమిచ్చెదనని కేకలు వేయుచు, అడుగడుగునకు కత్తిపోట్లు, ఈటెపోట్లు తినుచు, బాలాహిస్సారు ద్వారము వరకు పోరాడుచునే పోయెను. ముఖముమీదనే పండ్రెండు గాయములు. నొసటి చర్మము తెగి కన్నులమీదికి, ముక్కుమీదికి వ్రేలాడెను. ఒక కన్ను తీవ్రముగ గాయపడెను. గుఱ్ఱము సైతము నెత్తురోడుచు తూలిపోవుచుండగా, ఇక కళ్ళెము పట్టజాలక దానికే వదలివేసెను. అది ఆతనిని నగీనాబాగు తోటలోనికి మోసికొనిపోయి ఒక ముదురు కొబ్బరిచెట్టు మొదట నిలిచెను. ఆ చెట్టును ఆసరాగ గొని లారీ నేలకు జారెను.

అంతఃపురమున తానీషా అదే వేళ రోదించుచున్న స్త్రీలను ఓదార్చి, కొలువుకూటమునకు వచ్చి, మసనదుపై కూర్చుండి, శత్రువులను అతిథులవలె నాహ్వానించెను. తెల్లవారి భోజనవేళ కాగా ప్రశాంతముగ భుజించెను. అనంతరము ఆజము చెంతకేగి తన మెడలోని ముత్యాలహారమును ఆతనికి అర్పించెను. దౌలతాబాదు కోటలో పండ్రెండేండ్లు బందీగ నుండి అచ్చటనే కన్నుమూసెను. గోలకొండ రాజుల సమాధుల నడుమ చివరి రాజునకు తావు దొరకలేదు; ఆతని సమాధి ఖుల్దాబాదులో నున్నది.

మరునాటి ఉదయము హుసేనీబేగ్ అనువాని మనుష్యులు ఆ తోటవెంబడి పోవుచు లారీని గుఱ్ఱమునుబట్టి గుర్తించి, జాలిపడి, మంచముమీద ఒక యింటికి చేర్చిరి. వార్త ఔరంగజేబు చెవిని పడెను. అబుల్ హసనునకు ఇట్టి సేవకుడు మరియొక్కడున్నచో కోట పట్టుబడుటకు ఇంకను చిరకాలము పట్టియుండెడిదని ఆతడనెనట. ఒక ఐరోపా వైద్యుని, ఒక హిందూ వైద్యుని నియమించి, ప్రతిదినము తనకు వార్త తెలుపుమని ఆజ్ఞాపించెను. వైద్యులు లెక్కించిన గాయములు దాదాపు డెబ్బది. గాయముమీద గాయమైనవి లెక్కకు రాలేదు. పదునారవ దినమున లారీ ఒక కన్ను తెరచి, మెల్లగ నాలుగు మాటలాడెను.

అపరాధమును మన్నించితిననియు, కుమారులను పంపినచో వారికిని మన్సబులిచ్చెదననియు చక్రవర్తి కబురంపెను. లారీ కృతజ్ఞత తెలిపెను. అయినను, ఈ ఛిద్రమైన అవయవములతో కొలువు చేయుట అసాధ్యమనియు, సాధ్యమే యైనను, అబుల్ హసన్ ఉప్పుతో పెరిగిన ఈ దేహము ఆలంగీరు, అనగా ఔరంగజేబు, కొలువున చేరజాలదనియు ప్రత్యుత్తరమిచ్చెను. విని ఔరంగజేబు ముఖము కొంత వాడెనని ఖాఫీఖాన్ వ్రాసెను. అయినను కోపింపక, ఆతడు పూర్తిగ కోలుకొన్నపిమ్మట తెలుపుమని మాత్రమనెను. మంచముమీద కదలలేని స్థితిలో, తన ప్రాణము ఎవనిచేతిలో నున్నదో వానికే చెప్పిన ఈ మాట, వాకిట చేసిన యుద్ధమునకంటె గొప్పదని నేను తలంతును. యుద్ధమున వేడినెత్తురు తోడుండును. ఇచ్చట తోడున్నది ఉప్పు తిన్న జ్ఞాపకమొక్కటియే.

ఇంగ్లండు చరిత్రలో ఇట్టివాడొకడు నాకు స్ఫురించుచున్నాడు. ష్రూస్‌బరీ ప్రభువగు జాన్ టాల్బట్ ఫ్రాన్సుతో జరిగిన నూరేండ్ల యుద్ధమున ఇంగ్లండునకు సేనాని. 1429లో పటే యుద్ధమున శత్రువులకు చిక్కి నాలుగేండ్లు బందీగ నుండెను. 1449లో రువాన్ పతనవేళ మరల వారి చేతబడి, విడుదల పొందునప్పుడు ఫ్రెంచిరాజునకెదురుగ ఇక కవచము ధరింపనని మాట యిచ్చెనని ప్రతీతి. 1453 జూలై 17న కాస్టిలాన్ వద్ద, అరువదియేండ్లు దాటిన వయస్సున, ఇచ్చిన మాటకు కట్టుబడి కవచము లేకయే ఫిరంగులయెదుటికి సేనను నడిపి, గుఱ్ఱము కూలగా దానిక్రింద చిక్కి హతుడయ్యెను. ఆతని మరణముతో ఆ దీర్ఘయుద్ధమే ముగిసినది. షేక్‌స్పియర్ ఆతనిని నాటకపాత్రగ చేసెను. కాస్టిలాన్ సమీపమున, శత్రువుల నేలమీద, ఆతని స్మారకము నేటికిని కలదు. కవచము లేక టాల్బట్, జీను లేక లారీ: ఇద్దరును ఓడిపోయిన పక్షపువారే. ఒకరిని ఆతని జాతి నాటకశాలలలో శతాబ్దములపాటు నిలుపుకొన్నది.

లారీ కథ ఆ మంచముమీద ముగియలేదు. ఆ తరువాతి భాగమును చెప్పక దాచుట చరిత్రకు ద్రోహము. ఆతడు కోలుకొన్నపిమ్మట కొంతకాలము నిరాకరించియు, తుదకు మొగలు కొలువున చేరి మన్సబు స్వీకరించెను. కొంకణమునందలి రాహిరికి, అనగా శివాజీ రాజధానిగ మనమెరిగిన రాయగఢమునకు, ఫౌజుదారుగ నుండెను. ఖాఫీఖాన్ ఆతనిని ఎరిగినవాడే. సూరతునుండి ఆతనికొరకు సరకు కొని తీసికొనిపోవుచు బొంబాయి చేరువకు వచ్చినప్పుడు, లారీతో పూర్వము హైదరాబాదులో స్నేహము చేసిన ఆంగ్లేయుడొకడు, ఆ స్నేహమును పురస్కరించుకొని, తనను కోటకు ఆహ్వానించెనని స్వయముగ వ్రాసియున్నాడు. గోలకొండ వృత్తాంతమునకు మనకున్న ఆధారములలో ముఖ్యమైనది ఇట్లు లారీని దగ్గరనుండి చూచినవాని లేఖినినుండి వెలువడినదే. కావున వర్ణనలో కొంత అభిమానపు రంగు కలిసియుండవచ్చును. అయినను మొగలు కొలువున బ్రతికినవాడు మొగలులను ఎదిరించినవానిని ఇంతగ కొనియాడుట సామాన్యవిషయము కాదు.

మొగలు కొలువు స్వీకరించుటచే లారీ కీర్తికి మచ్చ వచ్చినదని కొందరందురు. నేనంగీకరింపను. కోటయందు రాజున్నంతవరకు, రాజు చేతిలో గద్దెయున్నంతవరకు, తన దేహమున నిలువగల శక్తి యున్నంతవరకు ఆతడు ఋణము తీర్చుకొనెను. రాజ్యమే లేకపోయినపిమ్మట, బిడ్డలు గల తండ్రి, పరదేశి, జయించినవాని నీడలో బ్రతుకవలసినవాడు మరేమి చేయగలడు? వాకిలి తెరచిపెట్టి పొందిన మన్సబు వేరు. డెబ్బది గాయములు మానినపిమ్మట, గత్యంతరము లేక, పొందిన మన్సబు వేరు. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచువారు న్యాయము చేయుటలేదు.

నగరమున విజేతల గుర్తులకు కొదవలేదు. మొగలు సేన విడిసి విజయోత్సవము జరుపుకొన్న మైదానమునకు ఫతే మైదాను అని పేరు వచ్చెనందురు. కోట ప్రాకారమున ఫతే దర్వాజా ఉండనే యున్నది. అవి ఉండవలసినవే; జరిగినది జరిగినట్లు చెప్పుటయే చరిత్ర. అయితే ఓడినవారి పక్షమున కూడ ఒక పేరు జనుల నోట వినబడవలెనని నా విన్నపము. ఫారసీ నేర్చిన మన పండితులు ఖాఫీఖాన్ గ్రంథమునందలి ఈ ఘట్టమును తగిన వ్యాఖ్యతో చక్కని తెలుగున అందింపవలెను. పాఠ్యపుస్తకములు కూర్చువారు లారీకి కనీసము ఒక పుటనైన కేటాయింపవలెను. ఇక పాఠకులారా, మీకొక మాట. ఆదివారమునాడు పిల్లలను గోలకొండకు తీసికొనిపోయినప్పుడు, బాలాహిస్సారు ద్వారము క్రింద గైడు చప్పట్లు కొట్టించి ఆ చప్పుడు కొండకొమ్మున వినబడునని చూపును. అది చూచి సంతోషింపనిండు. అటుపిమ్మట మెట్లెక్కకమునుపు వారిని ఒక్క నిమిషము ఆ ద్వారముకడనే నిలిపి, జీను లేని గుఱ్ఱముపై వచ్చి ఇచ్చట పోరాడినవాని పేరు అబ్దుల్ రజాక్ లారీ యని చెప్పుడు.